బ్లౌజుల వాళ్లకూ ఇంటర్వ్యూ వాళ్లకూ ఒకటే నంబరు: వాయిస్‌మెయిల్‌లో ఏమని చెప్పాలి?

మగ్గంసూది (తిరుపతి):

పదకొండేళ్లుగా నాది ఒకటే ఫోను నంబరు. గేటుకు కట్టిన ‘ఇచ్చట మగ్గం వర్క్ చేయబడును’ బోర్డు మీద అదే, ఉద్యోగాలకు పంపే బయోడేటా మీదా అదే. రెండో సిమ్ తీసుకోమని చెప్పబోయేవారికి ముందుగానే ఒక దండం. బయోడేటా ఇప్పటికే నలభై చోట్లకు వెళ్లిపోయింది, వెనక్కి తెచ్చుకోలేను. పైగా సిమ్‌లు రెండైనా మోగేది ఒక ఫోనే, ఎత్తాల్సిన చెయ్యి ఒకటే. నా అసలు బాధ ఆ చెయ్యితోనే.

పెళ్లికి ముందు నుంచి ఆరేళ్లు అకౌంట్స్ చూశాను. ట్యాలీ, ప్రతి నెలా వేసే జీఎస్‌టీ రిటర్నులు (11న జీఎస్‌టీఆర్-1, 20న 3బి), ఆడిటర్ గారి చీవాట్లు, అన్నీ తెలిసినవే. బాబు పుట్టాక మానేశాను. ఇంట్లో ఉన్నప్పుడు నేర్చుకున్న మగ్గం పని ఇప్పుడు కొర్లగుంటలో ఇంటి అద్దె కడుతోంది. కాని అది ముహూర్తాల మీద బతికే పని. మాఘంలో, శ్రావణంలో రాత్రి రెండింటిదాకా దీపం ఆరదు. మూఢం వచ్చిందంటే పూసల డబ్బాల మూత తీసే పని ఉండదు. బాబు ఒకటో తరగతిలో చేరాడు కాబట్టి మళ్లీ ఉద్యోగం వెతుకుతున్నాను.

ఫోను ఎందుకు ఎత్తలేనో చెప్పాలి, లేకపోతే ‘ఒక్క నిమిషం ఎత్తితే ఏమవుతుంది’ అంటారు. బిగించిన గుడ్డ కింద ఎడమచేతిలో దారం ఉంటుంది. పైనుంచి కుడిచేతి సూది దిగి, కొక్కెంతో ఆ దారాన్ని అందుకుని పైకి లాగి, ముందరి గొలుసులో నుంచి తీస్తుంది. ఒక్కో గొలుసు ముందరి దాన్ని పట్టుకుని నిలబడుతుంది. చివర ముడి వేయకుండా లేచానా, బాబు వచ్చి ఆ దారం కొస లాగితే చాలు, గంట సేపు కుట్టిన నెమలి మెడ అర నిమిషంలో సరసరా ఊడిపోతుంది. ఒకసారి ఊడింది కూడా. అందుకే మోగినా లేవను.

మా మరిది ఒక సర్వీసు పెట్టించాడు. ఇరవై సెకన్లలో నేను ఎత్తకపోతే కాల్ అటు మళ్లుతుంది, నా రికార్డింగు వినిపిస్తుంది, బీప్ తరువాత వాళ్లు చెప్పింది నాకు చేరుతుంది. బాగానే ఉంది. చిక్కంతా ఆ రికార్డింగుతోనే.

మొదటిసారి ఇలా పెట్టాను: “నమస్కారం, మగ్గం వర్క్, బ్రైడల్ బ్లౌజులకు మీ కొలతలు, ఫంక్షన్ తేదీ చెప్పండి.” ఒక కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు విని తప్పు నంబరనుకుని పెట్టేశారు. ఆ సంగతి వారం తరువాత వాళ్ల మెయిల్ చూస్తే తెలిసింది.

రెండోసారి మరిది కూతురి చేత చక్కటి ఇంగ్లీషులో చెప్పించాను. పుత్తూరు నుంచి వచ్చే పాత కస్టమరు నేరుగా ఇంటికే వచ్చి, “ఎవరో ఇంగ్లీషు అమ్మాయి ఎత్తింది, లోన్ ఇస్తామనే వాళ్లేమో అని కట్ చేశాను” అంది.

మూడోసారి తెలుగు, ఇంగ్లీషు, బ్లౌజులు, ఉద్యోగం అన్నీ కలిపాను. నలభై రెండు సెకన్లు. మరుసటి రోజు బీప్ తరువాత వచ్చిన ఒకే ఒక్క సందేశం, ఒక పెద్దాయన నిట్టూర్పు, “అబ్బా, అయిపోయిందా?”

ఇద్దరికీ సరిపోయేలా ఏమని చెప్పాలి?

గాలిగోపురం:

డ్యూయల్ సిమ్ ఫోను కొనుక్కోండి. సమస్య తీరిపోతుంది.

మగ్గంసూది:

దండం ఖాళీగా పోకుండా అందుకున్నందుకు ధన్యవాదాలు.

పిలిచేదాన్ని నేనే:

అక్కా, నేను నాయుడుపేట వైపు ఒక ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్‌లో పనిచేస్తాను. అటు చెవి నుంచి ఏమి జరుగుతుందో చెబుతాను.

పొద్దున నా చేతిలో ముప్పై పేర్ల జాబితా ఉంటుంది. అవతలి గొంతులో మొదట వినాలనుకునేది జాబితాలో ఉన్న పేరు. పేరు వినపడితే టిక్కు పెట్టి ఆగుతాను. వినపడకపోతే ‘నంబరు తప్పు’ అని రాసి కింది పేరుకు వెళతాను. మీ మొదటి రికార్డింగులో మీ పేరే లేదు, గమనించారా? బ్లౌజులు చేస్తున్నారని ఎవరూ తప్పు పట్టరు. చేతిపని చేసే మనిషికి లెక్కలు రావని అనుకునే కాలం కాదిది.

రెండో మాట. బీప్ తరువాత మాట్లాడటం మన దగ్గర ఎవరికీ అలవాటు లేదు. గోడతో మాట్లాడినట్టు ఉంటుంది. నేనే మాట్లాడను, కట్ చేసి వాట్సాప్‌లో రాస్తాను. కాబట్టి ఆ రికార్డింగు సందేశం రాబట్టాలని ఆశ పెట్టుకోవద్దు. సరైన చోటికే చేసాను, ఈమె ఇన్ని గంటలకు తిరిగి చేస్తుంది అన్న ధైర్యం ఇస్తే చాలు. ‘వీలైనంత త్వరలో’ అనవద్దు, అది అందరూ చెప్పేదే, ఎవరూ నమ్మరు. ఎన్ని గంటలకో చెప్పండి.

మూడోది, మీరు అడగలేదు కాని చెబుతున్నాను. మీది వాట్సాప్ బిజినెస్ అయి ఉంటుంది. ఈ మధ్యే ఒక అభ్యర్థికి ‘ఇంటర్వ్యూకు ఎప్పుడు రాగలరు’ అని రాస్తే మరుక్షణం ‘శ్రావణమాసం స్పెషల్! పట్టుచీరలకు ఫాల్, పీకో ఉచితం!’ అని జవాబు వచ్చింది. మా డిపార్టుమెంటంతా నవ్వుకున్నాం. ఆమెను పిలిచాం లెండి. ఆ స్వాగత సందేశం మొదటిసారి రాసేవాళ్లకూ, 14 రోజులు మాటలు లేక మళ్లీ రాసేవాళ్లకూ తనంతట తానే వెళుతుంది. హెచ్‌ఆర్ వాళ్లు ఎప్పుడూ మొదటిసారి రాసేవాళ్లే కదా. అది కూడా చూసుకోండి.

పాత ఎక్స్ఛేంజి:

అమ్మా, టెలిఫోన్స్‌లో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైనవాణ్ణి. మాటల సంగతి పిల్లలు చెబుతారు, నేను తీగల సంగతి చెబుతాను.

మీ మరిది పెట్టింది షరతు మీద మళ్లింపు. దానికి కోడ్ 61, అంటే ఎత్తనప్పుడు. 67 అంటే మీరు వేరే కాల్‌లో ఉన్నప్పుడు. 62 అంటే ఫోను ఆఫ్‌లోనో సిగ్నల్ లేనిచోటో ఉన్నప్పుడు. ఆయన 61 ఒక్కటే పెట్టి ఉంటే, మీరు కొండ ఎక్కే దారిలో సిగ్నల్ పోయినప్పుడు మీ రికార్డింగు ఎవరికీ వినిపించదు. కంపెనీ గొంతు ‘అందుబాటులో లేరు’ అనేస్తుంది. మూడూ పెట్టుకోండి. స్టార్, హ్యాష్, 61, హ్యాష్ నొక్కి కాల్ బటన్ నొక్కితే మళ్లింపు ఎక్కడికి ఉందో తెర మీద చూపిస్తుంది. ఎన్ని సెకన్లు మోగాలన్నది 5 నుంచి 30 వరకు, ఐదేసి చొప్పున మార్చుకోవచ్చు. మీరు దారానికి ముడి వేసి లేవడానికి ఎంత పడుతుందో చూసుకుని 30 పెట్టండి, సగం కాల్స్ మీరే ఎత్తుతారు. అన్నీ తీసేయాలంటే రెండు హ్యాష్‌లు, 002, హ్యాష్.

మళ్లిన కాల్ మీ ఫోను నుంచి బయటికి వెళ్లిన కాల్‌గా లెక్కకు రావచ్చు. మీ ప్లాన్‌లో ఒకసారి అడగండి.

ఇప్పుడు అసలు భయం. 21 అనే కోడ్ ఉంది. అది షరతు లేని మళ్లింపు, మీ ఫోను మోగనే మోగదు. కొరియర్ అనో, సిమ్ ఆగిపోతుందనో చెప్పి ఏదో నంబరు నొక్కమని మోసగాళ్లు చేయించేది ఇదే. అటుపైన ఫోనులో చదివి వినిపించే ఓటీపీలన్నీ వాళ్లకే. ఈ గొడవ వల్లనే టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి స్టార్ 401 హ్యాష్ పద్ధతిలో మళ్లింపును ఆపించింది. ఉద్యోగం వెతికేవాళ్లు కొత్త నంబర్ల మాట కాదనలేరు, అందుకే మీకు మరీ చెబుతున్నాను. ఇంటర్వ్యూ కోసం ఎవరూ కోడ్ నొక్కమనరు.

ఇంకొకటి. కొత్త ఫోనులో వాట్సాప్ తెరిచేటప్పుడు అడిగే కోడ్‌ను కాల్ చేసి చదివి చెప్పే వీలుంది. మీరు ఎత్తకపోతే అది మీ వాయిస్‌మెయిల్‌లో పడుతుంది. వాయిస్‌మెయిల్ పిన్ 0000 లాంటిదైతే ఎవడైనా వినేస్తాడు. పిన్ మార్చండి, వాట్సాప్‌లో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. ఇవాళే.

మగ్గంసూది:

మీ అందరికీ నమస్కారం. బాబాయి గారూ, పిన్ చూశాను. 1234 ఉంది. మరిదిని ఏమీ అనలేదు, మార్చేశాను. 62, 67 కూడా పెట్టాను.

హెచ్‌ఆర్ చెల్లెలు చెప్పింది నిజమే, పేరు చెప్పాలి. కాని ఇక్కడే ఇంకో ముడి పడింది. నా కస్టమర్లలో సగం మందికి నా పేరే తెలియదు! ‘మగ్గం అమ్మ’, ‘కొర్లగుంట మగ్గం’, కొందరి ఫోనుల్లో ‘బ్లౌజు ఆంటీ’. పేరు మాత్రమే చెబితే వాళ్లు తప్పు నంబరంటారు, మగ్గమంటే వీళ్లు తప్పు నంబరంటారు. మళ్లీ మొదటికే వచ్చాను.

సంతపేట టైపు మేడం (చిత్తూరు):

మగ్గం అమ్మా, మీ చిక్కు నాది కూడా. ముప్పై ఏళ్లుగా టైపు నేర్పుతున్నాను, పిల్లలకు నేను మేడం, పేరు ఎవరికీ అక్కరలేదు. చిత్తూరంటే మీకు తెలుసు కదా, కాట్పాడి వైపు నుంచి అరవంలో అడుగుతారు, పలమనేరు నుంచి కన్నడం కలిపి అడుగుతారు. ఏ భాషలో రికార్డింగు పెట్టాలని నేనూ తల బద్దలు కొట్టుకున్నాను.

ఆ పుత్తూరు ఆమె ఫోను ఎందుకు పెట్టేసిందో ఒకసారి చూడండి. ఇంగ్లీషు వల్ల కాదు. గొంతు మీది కాదు! చెయ్యి ఎంత పొడవు, మెడ ఎంత లోతు, పూస పెద్దదా చిన్నదా అని గంటలకొద్దీ మీతో వాదించిన మనిషి ఆమె. మీరు ‘హలో’ అన్నా గుర్తుపడుతుంది. కస్టమరుకు గొంతు చాలు, పేరు అక్కరలేదు. ఉద్యోగం వాళ్లకు మీ గొంతు తెలియదు, పేరు చాలు. కాబట్టి మీ గొంతుతో మీ పేరు చెప్పండి. వ్యాపారం మాట వద్దు, ఉద్యోగం మాట వద్దు. తెలుగులో రెండు వాక్యాలు, తరువాత తిరిగి చేసే వేళ. ఇంగ్లీషులో పేరు మరొకసారి. అంతకంటే పొడవు పెట్టకండి, నిట్టూర్చే పెద్దాయన ప్రతి ఊళ్లోనూ ఉంటాడు.

కొత్త కస్టమరు సంగతి అంటారా? కొత్తవాళ్లు బోర్డు చూసే చేస్తారు, తేదీ దగ్గర పడి ఉంటుంది, మళ్లీ చేస్తారు. వాళ్ల కోసం వాట్సాప్‌లో బొమ్మలు ఉన్నాయి.

రికార్డింగు హాల్లో చేయకండి, గోడలు గొంతును తిప్పికొడతాయి, బావిలో నుంచి మాట్లాడినట్టు ఉంటుంది. చీరల బీరువా రెండు తలుపులూ తెరిచి, చీరల వైపు ముఖం పెట్టి మాట్లాడండి. మడతలు ఆ మోతను మింగేస్తాయి. నవ్వు వస్తే రానివ్వండి, కొంచెం నవ్వు గొంతులో ఉన్నా బాగానే ఉంటుంది.

మగ్గంసూది (పది రోజుల తరువాత):

పెట్టాను. ఇదిగో: “నమస్కారం, నేను ఫలానాను మాట్లాడుతున్నాను. చేతిలో పని ఉండి ఎత్తలేకపోయాను. మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఆరింటికి అందరికీ తిరిగి ఫోను చేస్తాను. తొందరైతే ఇదే నంబరుకు వాట్సాప్ పెట్టండి.” ఆపైన ఇంగ్లీషులో పేరు, ఆ రెండు వేళలు. ఫలానా చోట నా పేరు, ఇక్కడ ఎందుకు లెండి. మొత్తం పద్దెనిమిది సెకన్లు. ఏడోసారికి సరిగ్గా వచ్చింది. మూడోసారి కుక్కరు కూసింది, ఐదోసారి వీధిలో ఉప్పు బండి.

‘చేతిలో పని ఉండి’ అన్న మాట మా వారు వద్దన్నారు. నేను ఉంచాను. బ్లౌజుల వాళ్లకు ఆ పని ఏమిటో తెలుసు, మిగతావాళ్లకు ఏ పనైనా పనే.

వాట్సాప్ స్వాగత సందేశం కూడా మార్చాను. ఆఫర్లు తీసేసి ‘మీ సందేశం చూశాను, పైన చెప్పిన వేళల్లో పలుకుతాను’ అని పెట్టి, ‘పైన’ ఎక్కడా ఏమీ లేదని గుర్తొచ్చి మళ్లీ మార్చాను. దుకాణం పేరు ఉన్న చోట నా పేరు పెట్టి, కింద మగ్గం వర్క్ అని చేర్చాను.

ఒంటిగంటకు చేస్తానన్న మాట నిలబెట్టుకోవడమే కష్టంగా ఉంది. గడియారం చూసి ముడి వేసి లేవాల్సి వస్తోంది, అన్నం కూడా ఆ తరువాతే. కాని ఫలితం లేకపోలేదు. ఒక స్కూలు ఆఫీసు వాళ్లు పదకొండింటికి చేసి, విని, మళ్లీ చేయకుండా నా ఫోను కోసం ఒంటిగంట దాకా ఆగారు. మంగళవారం రమ్మన్నారు. పుత్తూరు ఆమె బీప్ తరువాత నాలుగు నిమిషాలు మాట్లాడింది, రెండు నిమిషాలు బ్లౌజు, మిగతాది ఆడపడుచు.

ఒక్క సందేహం మిగిలింది. విన్నవాళ్లందరూ ‘మస్కారం’ అనే వినిపిస్తోంది అంటున్నారు. ‘న’ ఎక్కడికి పోయింది? మళ్లీ మళ్లీ గట్టిగా చెప్పినా అంతే.

పాత ఎక్స్ఛేంజి:

మీ తప్పు కాదమ్మా. అటు కాల్ కలిసేలోపే ఇటు రికార్డింగు మొదలవుతోంది, ఆ సందులో మొదటి అక్షరం పోతోంది. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఊరుకుని, అప్పుడు నమస్కారం పెట్టండి.

మగ్గంసూది:

సరేనండీ. బాబు నిద్రపోయాడు, ఇప్పుడే బీరువా తెరుస్తున్నాను.