సమస్య: "నేల పొరల గంటి నీలి నింగి" (ఆటవెలది)

నిర్వాహకుడు:
బావి నీళ్ళలో ఆకాశం అందరికీ ముందుగా తట్టేదే, అది వద్దు. మాస్కో మెట్రోలోని మయకోవ్‌స్కయా స్టేషన్ మీద పూరించండి. నాకు ఆ స్టేషనంటే ప్రాణం. 1938లో తెరిచారు, 33 మీటర్ల లోతు. వాస్తుశిల్పి అలెక్సీ దూష్కిన్ సన్నని ఉక్కు స్తంభాల మీద కప్పు నిలిపి, అందులో వరసగా గుండ్రని గూళ్ళు వదిలాడు. ఒక్కో గూటిలో అలెగ్జాండర్ దెయ్‌నేకా బొమ్మ, రంగు గాజుముక్కలతో పొదిగింది. విమానాలు, పారాచూట్లు, పండ్ల కొమ్మలు: మనం తలెత్తితే ఆకాశంలో కనిపించేవే ఎంచుకున్నాడు. దూరం నుంచి చూస్తే గూటి చుట్టూ దీపాలు తప్ప ఏమీ తెలియదు. సరిగ్గా దాని కిందికి వెళ్ళి మెడ ఎత్తాలి.

మొదటి పూరణ:
మెట్లు నడచి దింప మెరిసెడి కంబముల్
మోర యెత్తి చూడ మొగిలు నడుమ
ఎగిరె లోహపక్షు లెన్నెన్నొ గుంపులై
నేల పొరల గంటి నీలి నింగి

నిర్వాహకుడు:
ఎస్కలేటర్‌ను 'మెట్లు నడచి దింప' అనడం ఎంత బాగుందో! కానీ 'కంబముల్' ఏ క్రియకూ అతకలేదు. 'మెరిసె కంబమ్ములు' అంటే గణాలూ సరిపోతాయి, వాక్యమూ ముగుస్తుంది.

రెండో పూరణ:
పైన బాంబు లురుమ పసివాని నెత్తుక
దిగిన తల్లి కనుల దిగులు తీర
పైకి జూచి పలికె బాలుడు మురియుచు
"నేల పొరల గంటి నీలి నింగి"

నిర్వాహకుడు:
అమ్మా, నమస్సులు. 1941లో మాస్కో మీద బాంబులు పడుతుంటే జనం మెట్రోలోకే దిగి తలదాచుకున్నారు. ఆ నవంబర్ 6న విప్లవ వార్షికోత్సవ సభ కూడా ఈ స్టేషన్లోనే జరిగింది. పైనున్న అసలు ఆకాశానికి భయపడి వచ్చినవాళ్ళకి కింద ఇంకో ఆకాశం దొరకడం, దాన్ని ముందుగా చూసింది పిల్లవాడు కావడం... చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. 'ఎత్తుక' వ్యావహారికమని ఎవరైనా అంటారేమో, నాకైతే అదే తల్లి మాటలా ఉంది. మార్చకండి.

మూడో పూరణ:
వచ్చిపోవు రైళ్ళు నాలుగు వదలితి
వంచలేదు మెడను వానికొరకు
కప్పులోని కొమ్మ కాయలు పండ్లతో
నేల పొరల గంటి నీలి నింగి

రెండో పూరణ సభ్యురాలు:
తమ్ముడూ, మొదటి పాదంలో యతి తప్పింది. 'వ'కి 'నా' కుదరదు. చివరి రెండు మాటలూ తిప్పేయి, చాలు.

మూడో పూరణ సభ్యుడు:
ధన్యవాదాలక్కా. సవరణ: "వచ్చిపోవు రైళ్ళు వదలితి నాలుగు". ఇది కల్పన కాదు, నిజంగానే నాలుగు వదిలాను. అక్కడ రెండు నిమిషాలకో రైలు కాబట్టి మొత్తం ఎనిమిది నిమిషాలు. ఆ పండ్ల కొమ్మ కిందే నిలబడిపోయాను.

నిర్వాహకుడు:
అలాంటి గూళ్ళు 34 ఉన్నాయి నాయనా. మళ్ళీ వెళ్ళు.