అప్‌డేట్: జ్ఞానదంతం తీయించాక మూడో రోజు మొదలైన నొప్పి
పది రోజుల కింద అడిగాను కదా, కింది జ్ఞానదంతం తీయించుకున్నాక రెండు రోజులు బాగానే ఉండి, మూడో రోజు నుంచి చెవి దాకా లాగుతోందని. చీము పట్టిందేమోనని ఒకటే టెన్షన్. తిరుపతి బైరాగిపట్టెడ నుంచి డాక్టరు దగ్గరికి బండి మీద వెళ్తుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ ప్రాణం పోయింది.

డాక్టరు చూసి డ్రై సాకెట్ అన్నారు. గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి ఎముక బయటపడిందట. సెలైన్‌తో కడిగి, లవంగ నూనె వాసన కొట్టే మందు గుడ్డ పెట్టారు. కాసేపటికే నొప్పి సగం తగ్గింది. రెండు రోజులకోసారి మార్చారు, మొత్తం మూడుసార్లు.

అప్పుడు నా పోస్టు కింద యాంటీబయాటిక్ మార్చమన్నవాళ్లకు: నాది ఇన్‌ఫెక్షన్ కాదు, అవసరం లేదన్నారు. తీయించుకున్న సాయంత్రమే స్ట్రాతో జ్యూస్ పీల్చాను, బహుశా ఆ పీల్చడానికే రక్తపు గడ్డ ఊడి కొంప ముంచింది. ఇప్పుడు గోరువెచ్చటి ఉప్పునీళ్లతో మెల్లగా పుక్కిలిస్తూ, రాగి సంగటి రెండో పక్కనుంచి మింగుతున్నా. చెనిక్కాయల చట్నీ మాత్రం ఇంకో వారం ఆగాలి.