పాత ఇంటి గోడలకు చెమ్మ, సిమెంటు పూత వేయించొచ్చా?

ప్రశ్న:
గుంటూరు అరండల్‌పేటలో మా తాతగారి ఇల్లు. సున్నం గోడలు, పైన టేకు దూలాల మీద మద్రాసు టెర్రస్ (ఇటుక, సున్నంతో వేసిన పాతకాలపు కప్పు). హాలు, పడగ్గదులు బాగు చేయించి రంగులేయిద్దామంటే కింద మూడడుగుల దాకా చెమ్మెక్కి పెచ్చులూడుతోంది. మేస్త్రీ మొత్తం కొట్టేసి సిమెంటు పూత, పైన పుట్టీ అంటున్నాడు. ఎర్రగచ్చు తీసి టైల్స్ వేయడం అమ్మకు అస్సలు ఇష్టం లేదు. టెన్షన్‌గా ఉంది, చెప్పండి.

జవాబు:
సిమెంటు వద్దండి, దయచేసి. పాత ఇళ్ల పునాదిలో చెమ్మను ఆపే పొర సాధారణంగా ఉండదు, నేల తడి ఇటుకల్లోంచి పైకి పాకుతుంది, సున్నం పూతైతే అది బయటికి ఆరిపోతుంది, సిమెంటైతే లోపలే ఇరుక్కుని ఇంకా పైకెక్కి, ఉప్పు పూసి పుట్టీని రాల్చేస్తుంది. ముందు బయట గోడ పక్కన నీళ్లు నిలవకుండా వాలు చేయించండి. ఊడిన చోట సున్నం, ఇసుకతోనే పూయించి, బాగా ఆరాక వెల్ల వేయించండి. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు కూడా గోడను ఆరనివ్వదు.

జవాబు:
పగుళ్లు కూడా చూసుకోండి. మన నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, పగులు పెరుగుతుంటే రంగులకన్నా ముందు ఇంజినీరుకు చూపించాలి. దూలాలు గోడలో దిగే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, పుచ్చు ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

జవాబు:
విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో ఎర్రగచ్చు ఉంచేశాం. పగుళ్లలో ఎర్ర ఆక్సైడు కలిపిన సిమెంటు నింపి పాలిష్ పట్టించాం, మే నెలలో కూడా కాలికి చల్లగా ఉంటుంది. అమ్మగారి మాటే వినండి.