ఒకే టీవీ ముందు ఇద్దరు ఆడుకోవడానికి కూడా అకౌంటు అడుగుతోంది, ఏం చేయాలి?

అడిగినవారు: బైరాగిపట్టెడ, తిరుపతి

అందరికీ నమస్కారం. గంగమ్మ జాతరకని చిత్తూరు నుంచి మా అక్క పిల్లలు ఇద్దరు వచ్చినారు. మావాడితో కలిపి ముగ్గురు. పొద్దున వేషాలు చూసొస్తారు, ఎండెక్కితే ఇంట్లోనే. కంప్యూటర్‌ను టీవీకి తగిలించి ఆడుకుంటారని కార్ల ఆట ఒకటి స్టీమ్‌లో (కంప్యూటర్ ఆటలు అమ్మే యాప్) కొన్నాం. ఒకే స్క్రీన్ మీద ఇద్దరు ఆడొచ్చని రాసుంటేనే కొన్నా.

తెరవగానే లాగిన్ అడిగింది. అకౌంటు మా ఆయనది, కోడు ఆయన ఫోనుకు పోయింది. ఆయనకు కొండ మీద డ్యూటీ. గుడి లోపలికి ఫోను తీసుకుపోనియ్యరు కదా, లాకర్లో పెట్టేస్తారు, రాత్రి ఎనిమిది దాకా చేతికి రాదు. ఆయనొచ్చి కోడు చెప్పినాక మావాడు మొదలుపెట్టినాడు. సరే అనుకునేలోపల, రెండో జాయ్‌స్టిక్ బటన్ నొక్కితే మళ్ళీ 'సైన్ ఇన్' అని వచ్చింది. అక్క కొడుక్కి పదేళ్ళు, మెయిలే లేదు. జాయ్‌స్టిక్ రెండు చేతులతో పట్టుకుని అరగంట అట్లే టీవీ వంక చూస్తా కూర్చున్నాడు. నాకు కడుపు తరుక్కుపోయింది.

పక్కన కూర్చున్నవాడితో ఆడడానికి వాడికి కూడా అకౌంటు తెరవాల్సిందేనా? మా వీధిలో నెట్ తరచూ పోతుంది, నెట్ లేకుండా నడుస్తుందా? ఇంట్లో పాత ల్యాప్‌టాప్ కూడా ఉంది, మైన్‌క్రాఫ్ట్ ఆట రెండింటిలో పెట్టి ముగ్గురినీ ఆడించొచ్చా?

జవాబు: లీలామహల్ సర్కిల్ దగ్గర ఒకప్పుడు నెట్ సెంటర్ నడిపినవాడిని

అక్కా, పిల్లోడికి అకౌంటు తెరవడానికి తొందరపడొద్దు. చాలా ఆటల్లో అవసరం రాదు. ముందు ఒకటి చూడండి. 'సైన్ ఇన్' అన్న ఆ స్క్రీన్ మీదే కింద మూలలో చిన్నక్షరాల్లో 'గెస్ట్' అనో, 'స్కిప్' అనో, 'కంటిన్యూ వితౌట్' అనో ఉంటుంది. పక్కన ఏ బటన్ నొక్కాలో గుర్తు కూడా ఉంటుంది. టీవీలో దూరం నుంచి కనబడదు, దగ్గరికి పోయి చదవండి.

ఇక్కడ రెండు అకౌంట్లు కలగలిసిపోతున్నాయి. ఒకటి ఆట కొన్న అకౌంటు. ఆట మీదేనని నిరూపించేది అదే, ఇంటికి ఒకటి చాలు. రెండోది ఆడేవాడి పేరు మీద స్కోర్లు, బహుమతులు దాచుకునే అకౌంటు. ఒకే స్క్రీన్ మీద ఆడేటప్పుడు రెండో మనిషికి ఇది లేకపోయినా ఆట నడిచేటట్టు చేయొచ్చు, చాలామంది చేస్తారు. ఇట్ టేక్స్ టూ అని 2021లో వచ్చిన ఆట ఉంది, ఇద్దరు లేకపోతే ఆడనే లేం.  పక్కన కూర్చున్న రెండో మనిషికి ఏ అకౌంటూ అక్కర్లేదు, జాయ్‌స్టిక్ ఉంటే చాలు. స్టార్‌డ్యూ వ్యాలీలో 2020 డిసెంబరులో వచ్చిన 1.5 వెర్షన్ నుంచి స్ప్లిట్ స్క్రీన్ (ఒకే తెరను చీల్చి ఆడడం) ఉంది. రెండోవాడికి పొలంలో ఒక క్యాబిన్ కట్టిపెడితే సరి, మెయిలు ఊసే లేదు.

దీనికి తిరగబడ్డవీ ఉన్నాయి. డయాబ్లో 4లో ఒకే సోఫా మీద ఇద్దరు ఆడే వీలు కన్సోల్ (ప్లేస్టేషన్ లాంటి ఆటల పెట్టె) మీదే ఇచ్చారు, కంప్యూటర్లో లేదు. ఆ ఇద్దరికీ చెరొక బ్యాటిల్‌నెట్ (ఆ ఆట కంపెనీ వాళ్ళది) అకౌంటు ఉండాలి, నెట్ కూడా పోకుండా ఉండాలి. ఇట్లాంటిది తెలియక కొంటే డబ్బు పోయినట్టే. కొనే ముందు స్టీమ్ పేజీలో కుడి పక్కన చూడండి. 'షేర్డ్/స్ప్లిట్ స్క్రీన్' అని ఒక చోట ఉంటుంది, దాని కింద ఇంకెవరిదైనా అకౌంటు కావాలంటే ఆ సంగతి విడిగా ఒక పెట్టెలో రాసి ఉంటుంది. బొమ్మలు చూసి కొనేస్తాం గానీ ఆ పెట్టె ఎవరం చదవం.

మీరు కొని 14 రోజులు కాకుండా, ఆడింది రెండు గంటల లోపే అయితే స్టీమ్ డబ్బు వాపసు ఇస్తుంది. లాగిన్ స్క్రీన్ దగ్గర ఆట తెరిచి ఉంచినా ఆ సమయం లెక్కలో పడుతుంది, కాబట్టి కోడు కోసం కాచుకునేటప్పుడు ఆట మూసేయండి.

ఇంకొక మాట. 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్‌లో ఒక్క సీడీతో పక్క కంప్యూటర్లలో కూడా ఆట వేసుకుని ల్యాన్‌లో, అంటే బయట నెట్ లేకుండా కంప్యూటర్లను ఒకదానికొకటి కలిపి, ఆడనిచ్చేవాళ్ళు. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 వచ్చేసరికి ల్యానే తీసేశారు. పక్క కుర్చీలో వాడితో ఆడాలన్నా ఆట కంపెనీ సర్వర్ దాకా పోయి రావాల్సిందే. నా సెంటర్‌లో కౌంటర్‌స్ట్రైక్ 1.6 ఆడే పిల్లకాయలకు ప్రతి మానిటర్ మీద ఆ మిషన్ ఐపీ నంబరు (ల్యాన్‌లో దాని అడ్రసు) చీటీ అతికించి ఉండేది. అది చూసి ఆటలోనే టైపు చేసే పెట్టెలో కొడితే చాలు, పక్కవాడి ఆటలోకి పోయేవాళ్ళు. బయట నెట్ పోయినా ఆట ఆగేది కాదు. ఇప్పటి పిల్లలకు కూడా ఆ సుఖం దక్కాలని నా కోరిక.

జవాబు: గ్రీమ్స్‌పేట, చిత్తూరు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం

అక్కా, మైన్‌క్రాఫ్ట్ సంగతి నేను చెప్తా. కంప్యూటర్ల మీద ఒకే స్క్రీన్‌ను రెండుగా చీల్చి ఆడడం అందులో లేదు, అది కన్సోళ్ళలోనే. కంప్యూటర్, ల్యాప్‌టాప్ అయితే ల్యాన్ దారి. మైన్‌క్రాఫ్ట్‌లో జావా ఎడిషన్ అనే కంప్యూటర్ రకంలో ప్రపంచం తెరిచి, ఎస్కేప్ నొక్కి, 'ఓపెన్ టు ల్యాన్' అంటే పక్క మిషన్‌లో మల్టీప్లేయర్ జాబితాలో అదే కనబడుతుంది. కానీ మిషన్‌కు ఒక మైక్రోసాఫ్ట్ అకౌంటు, ఆ అకౌంటు మీద కొన్న ఆట ఉండాలి. ఒకే అకౌంటుతో రెండు చోట్ల తెరిచి కలవాలంటే కుదరదు, పేరు ఒకటే కాబట్టి రానివ్వదు. ఇక్కడ మాత్రం నిజంగా రెండోది కొనాల్సిందే. ముగ్గురైతే ఇద్దరు ఆడతా ఉంటే ఒకరు వంతు కోసం ఆగాలి.

జాబితాలో కనబడకపోతే పదిలో తొమ్మిదిసార్లు తప్పు ఆటది కాదు. విండోస్ మీ వైఫైని 'పబ్లిక్' అని గుర్తు పెట్టుకుని ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి 'ప్రైవేట్'గా మార్చండి, రెండు మిషన్లలోనూ. మొదటిసారి ఫైర్‌వాల్ (బయటి మిషన్లను అడ్డుకునే విండోస్ కాపలా) అడిగినప్పుడు పిల్లలు 'క్యాన్సిల్' కొట్టేసి ఉంటే అది కూడా సరిచేయాలి. రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా అన్నది మరీ ముఖ్యం. ఒకటి గెస్ట్ వైఫైలో ఉంటే ఒకదానికొకటి కనబడవు. కొన్ని రౌటర్లలో ఒక పరికరాన్ని ఇంకొకటి చూడకుండా అడ్డుకునే సెట్టింగు ఉంటుంది, దాన్ని 'ఏపీ ఐసోలేషన్' అంటారు, ఆపేయండి.

మీ వీధిలో నెట్ పోయినా భయం లేదు. వైఫై రౌటర్ ఆన్‌లో ఉంటే ల్యాన్ నడుస్తుంది. రౌటరే లేకపోతే ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, రెండింటినీ దానికి కలపండి, డేటా ఆపేసినా పర్వాలేదు. అయితే రెండు మిషన్లలో నెట్ ఉన్నప్పుడే ఒకసారి లాగిన్ అయి ఆట తెరిచి ఉండాలి. ఇంకొక విషయం ముందే పిల్లలకు చెప్పండి. నెట్ లేనప్పుడు అలా చేరితే అవతలి వాడి సామాను సంచి ఖాళీగా కనబడొచ్చు. అకౌంటును సరిచూసుకునే దారి లేక ఆట వాణ్ణి కొత్త మనిషిగా లెక్కేసుకుంటుంది. నెట్ వచ్చినాక చేరితే పాత సామాను పాత చోటే ఉంటుంది. తెలియకపోతే వజ్రాలన్నీ పోయినాయని ఇల్లు ఎగరగొడతారు.

అడిగినవారు

అన్నా, మీరు చెప్పినట్టే టీవీ దగ్గరికి పోయి చూసినా. కింద ఎడమ మూలలో, బూడిదరంగు మీద బూడిదరంగుతో 'కంటిన్యూ యాజ్ గెస్ట్' అని ఉంది. జాయ్‌స్టిక్ మీద పై బటన్ నొక్కితే నేరుగా ఆటలోకి పోయింది. ఇంత చిన్నక్షరాల్లో పెట్టాల్సిన మాటా అది? పిల్లోడి మెయిలు కావాలంటే పెద్ద పెట్టె, వద్దంటే కనబడని గీత. ఆ ఆటను తయారుచేసిన వాళ్ళు ఒకసారి మా ఇంటికొచ్చి ఆ పిల్లోడి మొహం చూసుంటే బాగుండు.

స్టీమ్ కోడు మాత్రం మళ్ళీ మళ్ళీ ఆయనకే పోతుంది. ఆయన డ్యూటీలో ఉంటే మేం తెరుచుకోలేం. దానికి దారి ఉందా? పెద్దోడు 'నాకు ఒక అకౌంటు తెరువు పిన్నీ, పుట్టిన సంవత్సరం మార్చి పెట్టు' అంటున్నాడు. మార్చమంటారా?

జవాబు: లీలామహల్ సర్కిల్

మార్చొద్దక్కా. స్టీమ్ నిబంధనల్లో 13 ఏళ్ళు నిండనివాళ్ళు చేరకూడదని ఉంది, అందుకే పిల్లలు మార్చమంటారు. కానీ ఆ తప్పుడు తేదీ తర్వాత మీకే చుట్టుకుంటుంది. పాస్‌వర్డ్ మర్చిపోయి తిరిగి తెచ్చుకోవాలంటే ఇచ్చిన వివరాలు కలవవు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం కూడా 18 ఏళ్ళ లోపువాళ్ళను పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ళ వివరాలు తీసుకునే ముందు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. వాళ్ళ అమ్మానాన్న చిత్తూరులో ఉన్నారు, ఆ సమ్మతి మీరిచ్చేది కాదు. మైక్రోసాఫ్ట్‌లో అయితే అమ్మో నాన్నో తమ అకౌంటు కింద ఫ్యామిలీ గ్రూప్‌లో పిల్లవాడి అకౌంటు కలుపుకునే దారి ఉంది. అది మీ అక్క చేయాల్సిన పని.

కోడు సంగతికి దారి సులువే. బావగారు ఇంట్లో ఉన్నప్పుడు ఒకసారి లాగిన్ చేసి 'రిమెంబర్ మీ' అన్నదానికి టిక్కు పెట్టించండి. తర్వాత ఆటను నెట్‌తో ఒకసారి తెరిచి, అప్‌డేట్లన్నీ అయినాక, స్టీమ్ మెనూలో 'గో ఆఫ్‌లైన్' నొక్కండి. ఇది నెట్ ఉన్నప్పుడే చేసిపెట్టుకోవాలి. నెట్ పోయినాక లాగిన్ అవ్వాలంటే అవ్వదు. పక్కన ఇంకొక యాప్ కూడా తెరుచుకునే ఆటలకు ఆ యాప్‌లోనూ ముందే ఒకసారి లాగిన్ అయి ఉండాలి.

మీరు కూడా సొంతంగా ఒక స్టీమ్ అకౌంటు తెరుచుకుని, బావగారిది, మీది స్టీమ్ ఫ్యామిలీస్‌లో కలుపుకోండి. 2024 సెప్టెంబరులో అందరికీ వచ్చింది, ఇంట్లో ఆరుగురి దాకా చేరొచ్చు. ఆయన కొన్న ఆటల్లో పంచుకోనిచ్చేవన్నీ మీ అకౌంటులో తెరుచుకుంటాయి, కోడు మీ ఫోనుకే వస్తుంది. ఒకే సమయంలో ఇద్దరు రెండు వేరువేరు ఆటలు ఆడొచ్చు. అదే ఆట ఇద్దరూ రెండు మిషన్లలో ఆడాలంటే మాత్రం రెండు కాపీలుండాలి. ఎవరిని కలుపుతున్నారో ఆలోచించి కలపండి, ఒకరు బయటికి పోతే ఆ ఖాళీ ఏడాది దాకా నిండదు.

అడిగినవారు

నిన్న రాత్రి ఆయన చేత టిక్కు పెట్టించి, ఆఫ్‌లైన్ చేసి పెట్టినా. ఈరోజు పదకొండింటికి నెట్ పోయింది, ఆట ఆగలేదు. ఇద్దరూ గోలగోలగా ఆడుతున్నారు. మూడోవాడికి మా మరిది పాత జాయ్‌స్టిక్ ఇచ్చినాడు. ఆట నలుగురి దాకా ఆడొచ్చంటుంది గానీ ఇది తగిలిస్తే లైటు వెలుగుతుంది, ఆటలో ఏ బటనూ పనిచేయదు. పాడైపోయిందా?

జవాబు: గ్రీమ్స్‌పేట

పాడై ఉండదక్కా. వెనక పక్కన ఎక్స్, డి అని చిన్న స్విచ్ ఉందేమో చూడండి, ఉంటే ఎక్స్ వైపు జరపండి. ఇప్పటి ఆటలు చాలామటుకు ఆ పద్ధతినే గుర్తుపడతాయి. స్విచ్ లేకపోతే మధ్యలో ఉన్న బటన్‌ను కాసేపు నొక్కిపట్టండి, లైటు మారితే పద్ధతి మారినట్టు. అప్పటికీ కాకపోతే స్టీమ్ సెట్టింగ్స్‌లో 'కంట్రోలర్' లోకి పోయి ఒక్కొక్క బటన్ ఏదో నేర్పించండి. కిందివైపు బటన్ ముందు నేర్పించండి, మిగతావి అదే అడుగుతుంది.