అప్‌డేట్: వానలో పాత కార్ల ప్రదర్శన, ఉద్దానం కోసం మా బల్ల

విజయనగరంలో పాత కార్ల ప్రదర్శనకు వచ్చేవాళ్లకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ బాధితుల గురించి ఎలా చెప్పాలని పోయిన నెల అడిగాను. కరపత్రాలు పంచడం కన్నా మనిషితో మాట్లాడటం మేలన్నారు మీరు. ఆ మాటే ఆదుకుంది.

పది గంటలకే వాన కుమ్మేసింది. కరపత్రాలు తడిసి ముద్దయ్యాయి. జనమంతా మా టార్పాలిన్ కిందకే చేరారు. పక్కనే తెల్ల అంబాసిడర్ బానెట్‌ను పంచె కొంగుతో తుడుస్తున్న పెద్దాయన, మా బ్యానర్ చదివి ఆగిపోయారు. "మాది ఉద్దానంలోని కవిటి. మా తమ్ముణ్ణి ఈ బండిలోనే డయాలసిస్‌కు తిప్పాను, వారానికి మూడుసార్లు" అన్నారు. తర్వాత నేను మాట్లాడలేదు, ఆయనే చెప్పారు. షుగరు, బీపీ లేనివాళ్లకూ అక్కడ కిడ్నీలు పాడవుతున్నాయనీ, కచ్చితమైన కారణం ఇంకా తేలలేదనీ, ముదిరేదాకా నొప్పే తెలియదనీ, అందుకే కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు ముందే చేయించుకోవాలనీ.

హుండీలో పెద్దగా పడలేదు. కానీ పరీక్షలకు పేర్లిచ్చినవాళ్లతో నోటుపుస్తకంలో రెండు పేజీలు నిండాయి, తడికి పెన్ను రాయక పెన్సిలుతోనే రాశాం. వచ్చే ఆదివారం ఆ పరీక్షలకు నడవలేని వాళ్లను ఆ అంబాసిడర్‌లోనే తీసుకొస్తానన్నారు పెద్దాయన.