గిల్‌రే కార్టూన్‌లో ‘ట్రాక్టర్’కి తెలుగు మాట కావాలి

అందరికీ నమస్కారం. దొంగ వైద్యం మీద పాత వ్యంగ్య చిత్రాల గురించి చిన్న వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. 1801లో లండన్‌లో జేమ్స్ గిల్‌రే గీసిన బొమ్మ అది. లావుపాటి మనిషి కుర్చీలో కూర్చుని బాధతో మెలికలు తిరుగుతుంటే, వైద్యుడు అతని ఎర్రటి ముక్కుకి సన్నని లోహపు పుల్ల ఆనించాడు. ముక్కులోంచి మంటలు! పక్కన బల్ల మీద తాగుడు సరంజామా, అంటే రోగమేమిటో చెప్పకనే చెప్పాడు.

ఆ పుల్లల జతను అమెరికాలో ఎలీషా పెర్కిన్స్ 1796లో పేటెంట్ చేయించాడు. నొప్పిని బయటికి లాగేస్తాయని అతని కొడుకు లండన్‌లో జత 5 గినీలకు (అప్పటి ఇంగ్లండ్ బంగారు నాణేలు) అమ్మాడు. బాత్ ఊళ్లో డాక్టర్ హేగార్త్ వాటిలాగే రంగేసిన కర్రపుల్లలతో రుద్దితే రోగులకు అంతే హాయిగా అనిపించింది!

చిక్కల్లా వాటి పేరు ‘ట్రాక్టర్స్’. అలాగే రాస్తే మనవాళ్లకు పొలం దున్నే బండే గుర్తొస్తుంది. ‘ఆకర్షిణి’ అంటే మరీ గ్రాంథికం, ‘లాగుడు పుల్లలు’ అంటే నవ్వులాట. మీరైతే ఏమంటారు?