రెండు రకాల స్పీకర్లను ఒకే గిటారు క్యాబినెట్‌లో బిగించవచ్చా?

బైరాగిపట్టెడ గిటారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఉంటాను. నా దగ్గర 50 వాట్ల ట్యూబ్ ఆంప్ హెడ్ (స్పీకర్ లేని, వాల్వులతో నడిచే ఆంప్లిఫయర్) ఒకటి ఉంది. దాని వెనుక 4, 8, 16 ఓమ్‌ల (విద్యుత్ నిరోధం కొలత) స్పీకర్ జాక్‌లు మూడూ ఉన్నాయి. కొర్లగుంటలో ఒక ఆచారి చేత 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేయించిన క్యాబినెట్‌లో 12 అంగుళాల సెలెషన్ వింటేజ్ 30 స్పీకర్లు రెండు, ఒక్కొక్కటి 8 ఓమ్‌లది, పారలల్‌లో (రెంటికీ వేర్వేరు దారులుగా) కలిపి 4 ఓమ్‌ల జాక్‌కు ఇచ్చాను. శబ్దం నిండుగానే వస్తుంది గానీ, డిస్టార్షన్ వేసి సన్న తీగల మీద సోలో వాయించేటప్పుడు ఆ కీచుదనం చెవిలో సూదిలా దిగుతోంది. ఒకదాన్ని తీసేసి అక్కడ మెత్తగా పలికే సెలెషన్ వారి గ్రీన్‌బ్యాక్ స్పీకర్ పెడదామని నా ఆలోచన. చెన్నైలో ఒకరు వాడిన 25 వాట్ల గ్రీన్‌బ్యాక్ అమ్ముతున్నారు, అయితే అది 16 ఓమ్‌లది. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ రైలెక్కి వెళ్లి తెచ్చుకోవడం పెద్ద పని కాదు. తెచ్చి బిగించాక ఆంప్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుందేమోనన్నదే భయం. తెలిసినవారు చెప్పగలరు.

గ్రీమ్స్‌పేట వాల్వులు:

రెండు రకాలను కలపడంలో తప్పేమీ లేదు. మ్యాచ్‌లెస్ సంస్థ తన డీసీ-30 ఆంప్‌లో గ్రీన్‌బ్యాక్‌ను, సెలెషన్ వారిదే జీ12హెచ్-30 అనే మరో స్పీకర్‌ను పక్కపక్కన పెట్టే పేరు తెచ్చుకుంది. మీ విషయంలో చిక్కంతా ఆ 16 ఓమ్‌ల దగ్గరే ఉంది. 8, 16 ఓమ్‌లను పారలల్‌లో కలిపితే మొత్తం సుమారు 5.3 ఓమ్‌లు అవుతుంది. 4 ఓమ్‌ల జాక్‌కు ఇస్తే ఆంప్‌కు ప్రమాదమేమీ ఉండదు. కానీ కరెంటు ఎక్కువగా తక్కువ ఓమ్‌ల వైపే పోతుంది కనుక, 50 వాట్లలో సుమారు 33 వింటేజ్ 30కి, 17 మాత్రమే గ్రీన్‌బ్యాక్‌కు చేరతాయి. సగం వాట్లంటే 3 డెసిబెల్‌ల తగ్గుదల. దానికితోడు వింటేజ్ 30 సెన్సిటివిటీ (ఒక వాట్‌కు ఇచ్చే శబ్దం) 100 డెసిబెల్‌లు, గ్రీన్‌బ్యాక్‌ది 98. అంటే మీరు ఏ మెత్తదనం కోసం చెన్నై దాకా వెళ్తున్నారో అది 5 డెసిబెల్‌లు వెనకబడి, ఏ కీచుదనాన్ని వదిలించుకోవాలనుకున్నారో అదే ముందుండి వినిపిస్తుంది. డబ్బులు పోసి పక్కవాద్యాన్ని కొన్నట్టవుతుంది.

పోనీ సిరీస్‌లో (ఒకదాని వెంట ఒకటిగా) కలుపుదామంటే లెక్క తిరగబడుతుంది: మొత్తం 24 ఓమ్‌లు, అందుకు సరిపడే జాక్ మీ ఆంప్‌కు లేదు, పైగా 25 వాట్ల గ్రీన్‌బ్యాక్ మీద 33 వాట్లు పడి వాయిస్ కాయిల్ (స్పీకర్‌లోని తీగచుట్ట) మాడిపోతుంది. సిరీస్‌లో ఒక స్పీకర్ తెగితే రెండూ మూగబోయి, లోడ్ లేని ట్యూబ్ ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ముప్పు వస్తుందన్నది మరో సంగతి.

కాబట్టి 8 ఓమ్‌లదే వెతకండి. అయితే 8 ఓమ్‌ల గ్రీన్‌బ్యాక్ అయినా సగానికి సగం 25 వాట్లు తీసుకుంటుంది, అది దాని హద్దు. వాల్యూమ్ పూర్తిగా తిప్పినప్పుడు 50 వాట్ల ట్యూబ్ ఆంప్ 50 దగ్గరే ఆగదు. అదే కుటుంబంలోని క్రీమ్‌బ్యాక్‌లు చూడండి. జీ12ఎం-65 అయితే 65 వాట్లు, 97 డెసిబెల్‌లు. జీ12హెచ్-75 అయితే 75 వాట్లు, 100 డెసిబెల్‌లు. రెండూ సమానంగా వినిపించాలంటే నా ఓటు రెండోదానికే.

పాత సోల్డరు:

పై వివరణకు ఒక చిన్న చేర్పు. రెండేళ్ల కిందట చిత్తూరులో క్రిస్మస్ కార్యక్రమానికి ముందురోజు రాత్రి నేనూ ఇలాగే రెండు రకాల స్పీకర్లు బిగించాను. మర్నాడు వాయిస్తే మంద్ర తీగల శబ్దం ఎటు పోయిందో తెలియదు, రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. కొత్త స్పీకర్‌ను తిట్టుకుంటూ, ఈక్వలైజర్‌లో బాస్ పూర్తిగా పెంచుకుని ఎలాగో పని గడిపాను. ఇంటికి వచ్చి విప్పి చూస్తే ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారు చేసి సోల్డరింగ్ పెట్టాను. ఒక స్పీకర్ కోన్ (శబ్దం పుట్టించే గరాటులాంటి పొర) ముందుకు తోస్తుంటే మరొకటి వెనక్కి లాగుతోంది.

మీరు బిగించేముందు ఒక టార్చి సెల్ తీసుకోండి. ఆంప్ కేబుల్‌ను తీసేసి, స్పీకర్ ఎర్ర టెర్మినల్‌కు సెల్ ప్లస్‌ను, రెండోదానికి మైనస్‌ను ఒక్క క్షణం తాకించండి. చిన్న టక్కుమనే చప్పుడుతో కోన్ ముందుకు రావాలి. పాత జేబీఎల్ స్పీకర్లలో కొన్ని ఇందుకు వ్యతిరేకంగా వెనక్కి పోతాయి, అందుకే రంగును నమ్మకుండా రెండింటినీ చూసుకోవడం మేలు.

మైకు పెట్టేవాడు:

నాది సౌండు పని కనుక ఆ వైపు నుంచి చెబుతాను. పెద్ద హాలులో ప్రేక్షకులకు వినిపించేది మీ క్యాబినెట్ కాదు, దాని ముందు నేను పెట్టిన ఒక్క మైకు. ఆ మైకు వింటేజ్ 30 ఎదుట ఉంటే మీ మిశ్రమమంతా వేదిక మీద మీ ఒక్కరికే. అందుకే ఎవరైనా క్యాబినెట్ తెస్తే ఏ వైపు ఏ స్పీకరో దాని ముందున్న బట్ట మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టమంటాను. రెండు మైకులు పెడితే రెండూ తమ కోన్‌లకు సమాన దూరంలో ఉండాలి. 17 సెంటీమీటర్ల తేడా వచ్చినా 1,000 హెర్ట్‌జ్ ప్రాంతంలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, సోలో సన్నబడిపోతుంది.

డెసిబెల్‌ల విషయంలో మాత్రం పై మిత్రుడితో నాకు కొంత భేదాభిప్రాయం ఉంది. మీకు కావలసింది కీచుదనం తగ్గడమైతే, 3 డెసిబెల్‌ల తేడా పెద్ద దోషమేమీ కాదు. క్యాబినెట్‌ను నిలువుగా నిలబెట్టి, జీ12ఎం-65ను చెవికి దగ్గరగా పైన, వింటేజ్ 30ను కింద ఉంచండి. హెచ్చు శ్రుతులు టార్చి వెలుగులా సూటిగా పోతాయి కనుక, కిందిదాని కీచు మీ మోకాళ్లకే తగులుతుంది.

బైరాగిపట్టెడ గిటారు:

అన్నలందరికీ కృతజ్ఞతలు. 16 ఓమ్‌ల బేరం వదులుకున్నాను. నిన్న రాత్రి ఉన్న రెండింటికీ సెల్ పెట్టి చూశాను, రెండు కోన్‌లూ ముందుకే వచ్చాయి. క్యాబినెట్‌ను నిలువుగా నిలబెట్టి వాయిస్తే, ఏ స్పీకరూ మార్చకుండానే, కింద కూర్చున్నప్పటికీ నిలబడినప్పటికీ స్వరంలో ఇంత తేడా ఉందని ఇప్పుడే తెలిసింది. 8 ఓమ్‌ల జీ12ఎం-65 కోసం అడుగుతున్నాను; దొరికాక పైన బిగించి, ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.